గడ్డి వేళ్లు చెప్పే సాక్ష్యం: అమెరికా మహా మైదానాల్లో 1930ల నాటి కరువు

ఈ పాఠం మొదలుపెట్టే ముందు మీరొక చిన్న పని చేయండి. మీ పెరట్లోనో, పొలం గట్టు మీదో ఉన్న గరికను వేళ్లతో సహా పెకలించడానికి ప్రయత్నించండి. పైకి కనిపించేది బెత్తెడు పచ్చదనమే. లాగేకొద్దీ కణుపు కణుపుకూ వేళ్లు దిగిన తీగ వస్తూనే ఉంటుంది. చివరికి అది తెగుతుందే తప్ప పూర్తిగా ఊడిరాదు. నడివేసవిలో అదే గరిక ఎండి, చచ్చిపోయిందనిపిస్తుంది. తొలకరి పడిన కొద్ది రోజులకే మళ్లీ చిగురిస్తుంది. కలుపు తీసిన వారెవరికైనా ఇది కొత్త సంగతి కాదు.

చరిత్ర పాఠంలో గడ్డి ప్రస్తావన ఎందుకని మీరు అడగవచ్చు. అమెరికా చరిత్రలో 'డస్ట్ బౌల్' అనే పేరుతో నిలిచిపోయిన ధూళి తుఫానుల దశాబ్దాన్ని ఇక్కడ మనం పరిశీలిస్తాం. ఆ విపత్తుకు కారణం కరువా, నాగలా అన్న ప్రశ్న మీద చరిత్రకారులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ వివాదంలో అందరికంటే ముందు విచారించవలసిన సాక్షి గడ్డి అని నా అభిప్రాయం.

నేపథ్యం

అమెరికా నడిబొడ్డున, రాకీ పర్వతాలకు తూర్పున, ఉత్తర దక్షిణాలుగా పరచుకున్న విశాలమైన గడ్డి భూములను మహా మైదానాలు అంటారు. తూర్పు నుంచి పడమటికి వెళ్లేకొద్దీ వర్షపాతం తగ్గుతుంది, దానితోపాటు గడ్డి ఎత్తూ తగ్గుతుంది. తూర్పున మనిషి ఎత్తు పెరిగే బిగ్ బ్లూస్టెమ్, పడమట నేలనంటుకుని పెరిగే బ్లూ గ్రామా, బఫెలో గడ్డి. ఇవన్నీ బహువార్షికాలే. ఏటా విత్తనం నుంచి మొలిచేవి కావు, ఒక్కసారి వేళ్లూనుకుంటే ఏళ్ల తరబడి అదే చోట బతికేవి.

నూరవ పశ్చిమ రేఖాంశానికి అవతల ఏటా 20 అంగుళాలకు మించి వాన పడదని, అక్కడ నీటి వసతి లేని వ్యవసాయాన్ని నమ్ముకోరాదని జాన్ వెస్లీ పోవెల్ 1878లోనే తన నివేదికలో హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ఎవరికీ రుచించలేదు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం 160 ఎకరాల చొప్పున, 1909 నాటి చట్టం 320 ఎకరాల చొప్పున భూమి ఇచ్చాయి. నేల దున్నితే వాన దానంతట అదే వస్తుందని ప్రచారం చేసినవారు కూడా ఉన్నారు! మొదటి ప్రపంచ యుద్ధంలో గోధుమ ధర ఎగబాకి, 1919లో బుషెల్‌కు రెండు డాలర్లు దాటింది. ఆ తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. 1920లలో దక్షిణ మైదానాల్లో లక్షలాది ఎకరాల గడ్డి భూమి నాగలి కిందికి వెళ్లింది. 1931లో కాన్సాస్‌లో గోధుమ విరగపండింది, ధర పడిపోయింది. 1932 నాటికి బుషెల్‌కు 40 సెంట్లు కూడా రాలేదు. సరిగ్గా అప్పుడే వానలు మొహం చాటేశాయి.

గోధుమ ఏకవార్షికం. పంట ఎండిపోతే ఆ నేలను పట్టి ఉంచేది ఏదీ మిగలదు. ఓక్లహామా పశ్చిమ కొస, టెక్సాస్ ఉత్తర కొస, పశ్చిమ కాన్సాస్, ఆగ్నేయ కొలరాడో, ఈశాన్య న్యూ మెక్సికో ప్రాంతాల మట్టి గాలిలోకి లేచింది. 1934 మే నెలలో మహా మైదానాల ధూళి అట్లాంటిక్ సముద్రంలోని ఓడల మీద కూడా పడింది. 1935 ఏప్రిల్ 14వ తేదీ ఆదివారం పట్టపగలే చీకటి కమ్మింది. ఆ రోజును 'బ్లాక్ సండే' అని ఈనాటికీ పిలుస్తారు. రెండు వారాలు తిరగకముందే, ఏప్రిల్ 27న, నేల సంరక్షణ చట్టం వచ్చింది. హ్యూ బెన్నెట్ అధిపతిగా సాయిల్ కన్జర్వేషన్ సర్వీస్ ఏర్పడింది. ఈ కథలోని రాజకీయ భాగం మీకు ఏ పాఠ్యగ్రంథంలోనైనా దొరుకుతుంది కనుక ఇక్కడ సాగదీయను.

కందకాల్లోకి దిగిన శాస్త్రవేత్త

నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో జాన్ వీవర్ అనే వృక్షశాస్త్రవేత్త ఉండేవాడు. మొక్కను నేల పైభాగం చూసి అర్థం చేసుకోలేమని అతని పట్టుదల. మొక్కల పక్కన మనిషి దిగేంత లోతున కందకాలు తవ్వించి, చిన్న పనిముట్లతో మట్టిని కొద్దికొద్దిగా తొలగిస్తూ, ఒక్కొక్క వేరునూ దాని కొస దాకా గుర్తించి చిత్రించాడు. ఎంత ఓపిక కావాలో ఊహించండి. బిగ్ బ్లూస్టెమ్ వేళ్లు సుమారు ఏడడుగుల లోతుకు దిగాయని తేలింది. బ్లూ గ్రామా పద్ధతి వేరు. దాని వేళ్లలో ఎక్కువ భాగం నేల పైపొరల్లోనే దట్టంగా అల్లుకుంటాయి. పడమట కురిసేవే చిన్న చిన్న జల్లులు. వాటిని ఆవిరి కాకముందే అందుకోవాలంటే పైన ఉండటమే తెలివి. కేవలం 5 మిల్లీమీటర్ల వానకు కూడా బ్లూ గ్రామా కొన్ని గంటల్లోనే స్పందిస్తుందని 1982లో వెలువడిన పరిశోధన చూపింది.

కరువు వచ్చేనాటికి వీవర్ చేతిలో మంచి వానల కాలపు కొలతలు ఉన్నాయి. కాన్సాస్‌లోని హేస్‌లో ఫ్రెడరిక్ ఆల్బర్ట్‌సన్ కూడా ఇలాంటి పనే చేస్తున్నాడు. గుర్తించిన చిన్న చిన్న చదరాల్లో ఏ గడ్డి ఎంత నేలను కప్పిందో ఏటా పటం గీసి నమోదు చేసేవారు. చరిత్ర విద్యార్థులుగా మీరు గమనించవలసింది ఇదే: విపత్తుకు ముందు, మధ్యలో, తర్వాత అదే చోట తయారైన పత్రాలు మనకు చాలా అరుదుగా దొరుకుతాయి.

గడ్డి ఎలా తట్టుకుంది?

ఒక మొక్కకు ప్రాణం ఎక్కడ ఉందన్నది ముఖ్యం. చెట్టుకు చిగురు కొమ్మ చివర ఉంటుంది. బహువార్షిక గడ్డికి కొత్త పిలకలు వేసే మొగ్గలు మొదలులో, నేలమట్టానికి అటూ ఇటూగా, ఎండిన ఆకుల చాటున ఉంటాయి. ఆకు కూడా అడుగు నుంచే పెరుగుతుంది. అందుకే పశువు మేసినా, నిప్పు అంటుకున్నా, ఎండకు మాడినా గడ్డి మళ్లీ లేస్తుంది. నీటి ఎద్దడి మొదలుకాగానే ఆకు నిలువునా చుట్టుకుపోతుంది, పత్రరంధ్రాలు లోపలి వైపు దాగిపోయి ఆవిరి తగ్గుతుంది. ఎద్దడి ముదిరితే ఆకులను వదులుకుని, మొదలులోనూ వేళ్లలోనూ నిల్వ ఉన్న పిండిపదార్థం మీద ఆధారపడి నిద్రావస్థలోకి వెళుతుంది. కుటుంబం గడవక ఇంట్లో వెలిగే దీపాలన్నీ ఆర్పి, ఒక్కదాన్ని మాత్రం మినుకుమినుకుమనేలా ఉంచడం వంటిదిది. బ్లూ గ్రామా, బఫెలో గడ్డి, మన గరిక వంటివాటికి మరో వెసులుబాటు ఉంది. కిరణజన్య సంయోగక్రియలో ఇవి అనుసరించే సీ4 మార్గం వల్ల తక్కువ నీటితో ఎక్కువ ఆహారం తయారవుతుంది. అన్నట్టు, అమెరికాలో బెర్ముడా గడ్డి అని పిలిచేది మన గరికనే.

అయితే గడ్డికి చావు లేదని మాత్రం అనుకోవద్దు. 1934 వేసవిలో లిటిల్ బ్లూస్టెమ్ విపరీతంగా చచ్చిపోయింది. దాని వేళ్లు బిగ్ బ్లూస్టెమ్ అంత లోతుకు దిగేవి కావు. పడమటి జాతులైన వెస్టర్న్ వీట్‌గ్రాస్ వంటివి తూర్పు నెబ్రాస్కా, కాన్సాస్‌లలోకి చొరబడి ఆ ఖాళీని ఆక్రమించాయి. వీట్‌గ్రాస్ వసంతం మొదట్లోనే పెరిగి, మిగతావి మేల్కొనేలోపు నేలలోని తేమను తాగేసేది. హేస్ వద్ద పొట్టి గడ్డి కప్పిన నేల కూడా కరువు ముదిరేకొద్దీ దారుణంగా తగ్గిపోయింది. అతిగా మేపిన బీళ్లలో నష్టం మరీ ఎక్కువ. దీనికి కారణం తర్వాత 1955లో ఫ్రాంక్లిన్ క్రైడర్ ప్రయోగాల్లో స్పష్టమైంది: ఆకులో సగానికి మించి కోసేస్తే వేళ్ల ఎదుగుదల ఆగిపోతుంది. అంటే పైన మేసిన పశువు కింద వేరును కూడా మేస్తోంది. వేరు పొట్టిదైన గడ్డి కరువును ఎలా దాటగలదు?

1940 తర్వాత వానలు వచ్చాయి. చచ్చిందనుకున్న చోట, మట్టి కింద మిగిలిన మొదళ్ల నుంచి, కొమ్ముల నుంచి పిలకలు లేచాయి. బఫెలో గడ్డి పాకే తీగలతో అతి వేగంగా నేలను మళ్లీ కప్పింది.

నాగలి చేసిన గాయం వేరు

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. కాన్సాస్ చరిత్రకారుడు జేమ్స్ మాలిన్, 1850 నుంచి 1900 వరకు వచ్చిన పత్రికలను గాలించి, నాగలి రాకముందే ఆ ప్రాంతంలో ధూళి తుఫానులు ఉండేవని 1946లో చూపించాడు. 1979లో డొనాల్డ్ వర్‌స్టర్ దీనికి పూర్తిగా భిన్నమైన వాదన చేశాడు. భూమిని లాభం తెచ్చే పెట్టుబడిగా మాత్రమే చూసిన ఆర్థిక సంస్కృతే ఈ వినాశనానికి మూలమని అతని వాదం. 2005లో జెఫ్ కన్ఫర్ కౌంటీల వారీ లెక్కలను పటాలతో పోల్చి, కరువు పాత్రను తిరిగి ముందుకు తెచ్చాడు.

మాలిన్ ఆధారాలను కొట్టిపారేయలేం. దున్నని బీడు కూడా కరువులో బోసిపోయిందని వీవర్, ఆల్బర్ట్‌సన్‌ల పటాలే చెబుతున్నాయి. కాబట్టి దున్నకపోతే దుమ్మే లేచేది కాదన్న వాదన నిలవదు. కాని అక్కడితో ఆగిపోతే అసలు విషయం చేజారిపోతుంది. మనం అడగవలసింది దుమ్ము లేచిందా అని మాత్రమే కాదు, ఆ తర్వాత నేల ఎలా కోలుకుంది అని కూడా.

బహువార్షిక గడ్డి కరువును తట్టుకోవడంలో ఎంత గట్టిదో, విత్తనం నుంచి కొత్తగా మొలవడంలో అంత బలహీనమైనది. బ్లూ గ్రామా మొలక నిలదొక్కుకోవాలంటే నేల పైపొర వరుసగా కొన్ని రోజులు తడిగా ఉండి, కొత్త వేళ్లు దిగాలి. ఆ మైదానాల్లో అటువంటి అవకాశం ఏటా రాదు. వందల ఏళ్లుగా గడ్డి అక్కడ నిలిచింది ప్రధానంగా పాత మొదళ్ల పిలకలతోనే. కరువు ఆకును తీసుకుపోయింది, కొన్ని మొదళ్లను చంపింది, మిగతావాటిని వదిలేసింది. నాగలి మొదలునే తిరగేసింది. అందుకే దున్నని బీళ్లు వానలు వచ్చిన కొద్ది ఏళ్లలో తేరుకుంటే, దున్ని వదిలేసిన పొలాల్లో దశాబ్దాల పాటు కలుపు, నాసిరకం గడ్డే రాజ్యమేలాయి. కరువు రెండు చోట్లా ఒక్కటే, ఫలితం మాత్రం ఒక్కటి కాదు. ఈ తేడాను లెక్కలోకి తీసుకుంటే వర్‌స్టర్ పక్షం కొంత బలపడుతుందని నేను భావిస్తాను. మీరు మాలిన్‌తో ఏకీభవించవచ్చు. అప్పుడు మాత్రం ఈ తేడాకు మీ దగ్గర సమాధానం ఉండాలి.

ఆనాటి ప్రభుత్వానికి ఈ సంగతి ఆలస్యంగానైనా తెలిసివచ్చింది. దెబ్బతిన్న పొలాలను రైతుల నుంచి కొని, దున్నడం మాన్పించి, గడ్డి విత్తింది. 1937 నాటి బ్యాంక్‌హెడ్-జోన్స్ చట్టం ఈ పనికి ఊతమిచ్చింది. అలా కొన్న భూముల్లో అనేకం 1960లో జాతీయ గడ్డి భూములయ్యాయి. నైరుతి కాన్సాస్‌లో సుమారు 1,08,000 ఎకరాల సిమరాన్ గడ్డి భూమి వాటిలో ఒకటి. వీటికి పేరు పెట్టేలోపే, 1950లలో, దక్షిణ మైదానాలకు మరో పెద్ద కరువు వచ్చింది. ధూళి మళ్లీ లేచింది. ఆల్బర్ట్‌సన్ తన సహచరులతో కలిసి మళ్లీ కొలతలు మొదలుపెట్టాడు. పాత పటాలు పక్కనే ఉన్నాయి. రెండు కరువులనూ, మేపు తీవ్రతనూ పోల్చి రాసిన ఆ అధ్యయనం 1957లో వెలువడింది.