సత్రం పోయిన దారిలో అద్దె గదులు

గూడూరు నుంచి మద్రాసు వైపు రైలెక్కితే నాయుడుపేట తర్వాత దొరవారిసత్రం వస్తుంది. ఇప్పుడది మండల కేంద్రం. ఆ స్టేషను దాటిన ప్రతిసారీ మా మామగారు గుర్తొస్తారు. ఆయన గూడూరులో దస్తావేజు లేఖరి. సత్రం మాన్యాల కౌలు కాగితాలూ, ఇళ్ల అద్దె కాగితాలూ రాసిన చెయ్యి అది. నేను చిల్లకూరులో కాపురముంటూ బడిలో సాంఘికశాస్త్రం చెప్పాను. ఆయన భోజనాల దగ్గర చెప్పిన సంగతులకు చట్టాలు వెతికి చదువుకున్నాను.

సత్రం కట్టించిన దాత గోడలు లేపి వదిలేసేవాడు కాదు. బావి తవ్వించి, చింతతోపు వేయించి, భూమి రాసిచ్చేవాడు. ఆ పంటే సత్రానికి బియ్యం, దీపానికి నూనె. చాలాచోట్ల మూడు రోజులు దాటితే మూట కట్టాల్సిందే, వెనక వచ్చేవాళ్లకు చోటు కావాలి కదా. కులాల అడ్డుగోడలు ఉండేవి. కొందరికి వండి వడ్డించేవారు, కొందరికి వసారా కూడా దక్కేది కాదు. అది దాచకూడని మాట. అయినా వంద మంది బాటసారులు దిగినా ఊళ్లో ఒక్క కాపురం కదలనక్కర్లేని ఏర్పాటది. ఏనుగుల వీరాస్వామి 1830లో పెద్ద పరివారంతో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, 1831లో నెల్లూరు మీదుగా తిరిగొచ్చాడు. అంతమంది దారిపొడుగునా తలదాచుకోగలిగారంటే అందులో సత్రాల పుణ్యం ఎంతో ఉంది.

మాన్యం ఉన్నచోట మింగేవాళ్లూ ఉంటారు. అందుకే మద్రాసు ప్రభుత్వం 1817లో ఏడో రెగ్యులేషను తెచ్చింది. గుళ్లు, మసీదులతో పాటు సత్రాల ఆస్తులనూ రెవెన్యూ బోర్డు అజమాయిషీ కిందికి తెచ్చి, దాత చెప్పిన పనికే ఆదాయం ఖర్చు కావాలంది. బస గురించి మన ప్రాంతంలో వచ్చిన పాత చట్టాల్లో నేను ఎక్కువ గౌరవించేది దీన్నే. తర్వాత ఆ అజమాయిషీకి లోకల్ బోర్డులొచ్చాయి. 1899 నాటికి కోస్తా వెంట రైలుదారి కలిసింది, బాటసారి రోడ్డు వదిలి స్టేషను పట్టాడు.

ఇక అద్దె ఇళ్లు. యుద్ధం తర్వాత ఇళ్ల కరువులో మద్రాసు రాష్ట్రం 1949లో అద్దె నియంత్రణ చట్టం చేసింది, ఆంధ్రప్రదేశ్ 1960లో సొంత చట్టం చేసుకుంది. ఆ చట్టం ఉన్నప్పుడు ఇల్లు ఖాళీ అయిన 10 రోజుల్లో అధికారికి రాతపూర్వకంగా తెలపాల్సి ఉండేది. హోటలు గదికీ, బోర్డింగు హౌసు గదికీ అది వర్తించేది కాదు. కాపురం వేరు, బస వేరు అని గీత గీసిందన్నమాట. అయితే ఆ చట్టం వర్తించింది జంటనగరాలకూ, మునిసిపాలిటీలకూ. గూడూరుకు ఉండేది, పక్కనే పంచాయతీగా ఉన్న చిల్లకూరుకు ఉండేది కాదు. మా మామగారు ఇక్కడి ఇళ్లకు రాసినవన్నీ 11 నెలల కాగితాలే. అప్పట్లో ఏడాది దాటితే రిజిస్ట్రేషను తప్పేది కాదు మరి.

ఆ 11 నెలల కాగితం కూడా ఇప్పుడు మా వీధిలో అరుదైంది. 2008లో కృష్ణపట్నం రేవు మొదలైంది. సిలికా ఇసుక లారీలు సరేసరి. 2025 జనవరి 8న కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి శంకుస్థాపన జరిగింది. పనిమీద వచ్చేవాళ్లు వారానికో, పది రోజులకో గది అడుగుతున్నారు. పోర్షనును మూడు గదులు చేసి మంచాల లెక్కన ఇస్తే, ఒక కుటుంబం ఇచ్చే అద్దె కంటే ఎక్కువే ముడుతుంది. భర్త పోయి ఆ అద్దె మీదే బతికే ఆవిడను నేనెలా తప్పుపట్టను? కానీ కొత్తగా బదిలీ అయి వచ్చిన టీచరమ్మ ఇద్దరు పిల్లలతో వీధంతా తిరిగి, ఇల్లు దొరక్క గూడూరులో ఉంటోంది.

ఈ బాధ మనొక్కరిదే కాదు. 2023 సెప్టెంబరు నుంచి న్యూయార్కులో 30 రోజుల లోపు అద్దెకిచ్చే యజమాని నమోదు చేసుకుని, ఆ ఇంట్లోనే ఉండాలి. బార్సిలోనా తన 10,101 పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు తర్వాత పొడిగించనంది. మన కేంద్ర పర్యాటక శాఖ హోంస్టే పథకంలోనూ యజమాని కుటుంబం అక్కడే నివసించాలి, గదులు ఆరుకు మించకూడదు. అయితే ఇవి షికారుకొచ్చే అతిథిని చూసి రాసినవి. మా ఊరికొచ్చేది వెల్డరు, లారీ డ్రైవరు, బీహారు నుంచి వచ్చిన కూలీ. వాళ్లను పొమ్మనడం అన్యాయం, వాళ్ల కోసం కాపురాలను పొమ్మనడమూ అన్యాయమే.

గ్రామసభలో నేను రెండు అడుగుతాను. రోజులకూ వారాలకూ ఇచ్చే గదులు పంచాయతీ పుస్తకంలోకి ఎక్కాలి. 1987 దేవాదాయ చట్టం కింద సత్రాలూ వస్తాయి కనుక, ఈ దారివెంట మిగిలిన సత్రం మాన్యాల కౌలు ఎంతో, ఎక్కడికి పోతోందో లెక్క చెప్పాలి. ఆ డబ్బుతో రోడ్డు పక్కన పనివాళ్లకు బస కట్టొచ్చు. దాతలు ఆ భూములు రాసిచ్చింది ఆ పనికే.