పెనుగొండ కోట

విజయనగర సామ్రాజ్యము 1565లో రక్కసి తంగడి రణరంగమున అంతరించెనని చదువుకొని, హంపీ శిథిలముల నడుమ నిలిచి దుఃఖించు మనవారిలో, ఆ రాజ్యలక్ష్మి ఓటమి పిమ్మట ఇంచుమించు పాతికేండ్లు కొలువుదీరిన పెనుగొండను పోయి చూచువారు మిక్కిలి అరుదు. అనంతపురమునుండి బెంగుళూరు పోవు త్రోవలో, నిట్టనిలువైన రాతికొండ పాదమున, పాత కోటగోడల నడుమ నొదిగిన చిన్న యూరది.

మొదటి బుక్కరాయల కాలముననే, ఆయన కుమారుఁడు వీరవిరూపణ్ణ యేలుబడిలో, ఇచ్చట కోట వెలసినది. యుద్ధమున అళియ రామరాయలు నిహతుఁడు కాఁగా, ఆయన తమ్ముఁడు తిరుమలరాయలు సదాశివరాయలను, రాజధనమును వెంటఁగొని విజయనగరమును విడిచి, ఈ గిరిదుర్గమునే రాజధానిగాఁ జేసికొని, కాలక్రమమున ఆరవీటి వంశమును సింహాసనమున నిలిపెను. రామరాజభూషణుఁడు వసుచరిత్రమును అంకితమిచ్చినది ఈ తిరుమలరాయలకే. సామంతులు ధిక్కరించుచు, ఎల్లలయందు శత్రువులు పొంచియున్న దినములలో, ప్రతిపద్యమును నాదమయమైన అట్టి ప్రౌఢకావ్యమునకు ఆశ్రయమిచ్చిన రాజును తలఁచినప్పుడెల్ల నాకు విస్మయము కలుగుచుండును. తరువాత వేంకటపతిరాయల కాలమున గోలకొండ సేనలు కోటను ముట్టడించియు సాధింపలేక మరలిపోయినవి. పిమ్మట ఆయనయే రాజధానిని చంద్రగిరికి మార్చుకొనెను.

కోటలోని కట్టడములలో నన్ను మిక్కిలి యాకర్షించినది గగనమహలు. దాని కమానులు సుల్తానుల సౌధములవి. పైనున్న శిఖరము దేవాలయ విమానమును బోలినది. ఏ సుల్తానులతో రాయలు తరతరములుగా కత్తులు దూసిరో, వారి శిల్పరీతిని తమ మేడకు దెచ్చుకొనుటకు సంకోచింపలేదు. ఆ వైరమును కేవలము మతవైరముగా వ్రాయు చరిత్రకారులు ఈ భవనము నెదుట కొంతసేపు నిలువవలెనని నా కోరిక. ఊరిలో రామాలయము, శివాలయము ప్రక్కప్రక్కనే యున్నవి. పార్శ్వనాథుని జైనాలయము కలదు. బాబయ్య దర్గా ఉరుసునకు హిందువులును ముస్లిములును కూడివత్తురు.

అచ్యుతదేవరాయల నాఁడు పెనుగొండలో కోశాధికారిగా నుండిన విరుపణ్ణ కట్టించిన లేపాక్షి వీరభద్రాలయము ఇచ్చటికి దూరము కాదు. దాని కప్పులపైఁ గల వర్ణచిత్రములలో, స్త్రీల చీరల అంచులను, పురుషుల పొడవైన కుళ్లాయిలను చూచినచో, పెనుగొండ వీథులలో ఆనాఁడు తిరిగిన జనులెట్లుండిరో కన్నులఁ గట్టును.

ఈ యూరిలోఁ బెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు బాల్యముననే ‘పెనుగొండలక్ష్మి’ కావ్యమును రచించిరి. శిథిలములు చదువుకొను బాలునిచేత కావ్యము వ్రాయించగలవని దీనివలన నెఱింగి, మన పండితులు వసుచరిత్రమును పాఠము చెప్పుటకు ముందు శిష్యులను ఒక్కమారైనను ఈ కోటకుఁ గొనివత్తురు గాక!