పగిలిన నాదము: గిటారు పెడలును యాంప్లిఫయరును

రేడియో ఇంజనీరుకు ధ్వనివికృతి శత్రువు. గాయకుని గొంతు మైకులో ఎట్లు పడినదో అట్లే శ్రోత చెవికి చేర్చుట అతని ధర్మము. దారిలో ధ్వని నలిగినను, పగిలినను, జీరపోయినను అది యంత్రదోషమే. ఆ దోషమునే కోరి తెచ్చుకొని, దానికొక చిన్న పెట్టె కట్టించి, కాలితో నొక్కి పలికించుకొనువారు కలరు. వారే విద్యుత్ గిటారు వాదకులు. ఆ పెట్టెకే పెడలని పేరు. ఈ దోషము సంగీతములోనికి ఎట్లు ప్రవేశించినదో, ఒకే పెడలు ఒక్కొక్క యాంప్లిఫయరుతో ఒక్కొక్క తీరున ఏల పలుకునో ఈ ప్రసంగమున ముచ్చటింపదలచినాము.

ఇది దూరదేశపు ముచ్చట యని త్రోసివేయ వలను పడదు. ప్రొద్దుటూరులో దసరా, జమ్మలమడుగులో తిరునాళ్ళు, పులివెందులలో పెండ్లి, ఏదైనను కానిండు, నేడు పాటకచేరి కట్టు ఆర్కెస్ట్రాలో గిటారు పట్టిన యువకునికి చోటు కలదు. అట్టివాడు కూడబెట్టిన డబ్బుతో పెడలు కొని, అద్దెకు తెచ్చిన మైకుసెట్టుకు తగిలించును. సినిమా పాటలో విన్న గంభీరనాదమునకు బదులు, రేకుడబ్బాలో తుమ్మెద చిక్కుకొన్నట్టి రొద వినబడును. తన వ్రేళ్ళదే లోపమని అతడు క్రుంగిపోవును. లోపము వ్రేళ్ళది కాదు, పెడలుదియు కాదు. అది ఎక్కడ నున్నదో చరిత్రయే చెప్పగలదు.

కడప జిల్లా సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావుగారు కీచకవధ నాటకమాడించి సురభి నాటక సమాజమునకు పునాది వేసిననాడు మైకు లేదు. చివరి వరుసలో చాపమీద కూర్చున్నవానికి సైతము పద్యము చేర్చవలసినది నటుని గొంతే. కాలక్రమమున ఆ భారమును వాల్వు అను గాజుబుడ్డి తన తలకెత్తుకొన్నది. మద్రాసులో 1938లోను, విజయవాడలో 1948లోను, కడపలో 1963లోను ఆకాశవాణి కేంద్రములు వెలసినవి. ఆ కాలపు రేడియో పెట్టె వెనుక అట్ట విప్పినవారికి లోపల ఎఱ్ఱగా వెలుగు వాల్వులు జ్ఞప్తికి రాగలవు. వానిలో ఇ.ఎల్. 84 అనునది పేరుగాంచినది. ఇంటింట వార్తలు వినిపించిన ఈ రకపు వాల్వులనే నాలుగింటిని చేర్చి, ఇంగ్లండులో వాక్స్ కంపెనీవారు ఎ.సి. 30 అను గిటారు యాంప్లిఫయరును నిర్మించినారు. వార్త పలికిన నోటనే గిటారు కూడ పలికినదన్న మాట!

వికృతి యన నేమో ముందుగా చూతము. ఎత్తుగా గడ్డి వేసిన బండి తక్కువ వాకిలిలో దూరునపుడు పైగడ్డి రాలి, మోపు పైభాగము చదునగును. వాల్వునకును అట్టి వాకిలి యొకటి కలదు. తన శక్తికి మించిన ధ్వనితరంగము వచ్చినపుడు దాని శిఖరములను కోసి చదును చేయును. వాల్వు మెల్లమెల్లగా నొక్కును; ట్రాన్సిస్టరు చాలవరకు ఒక్కసారిగా కోయును. శిఖరము చదునైనపుడు మూలస్వరముతోపాటు దాని అనుస్వరములు బలముగా మ్రోగును. మూలము షడ్జమైన, రెండవది పై షడ్జము, మూడవది ఆ పై పంచమము, అయిదవది రెండు స్థాయిల పైనున్న అంతర గాంధారము. ఏడవది మాత్రము కైశికి నిషాదమునకు కొంత దిగువన నిలిచి, మన స్వరస్థానములలో ఇమడదు. తరంగము ఇరువైపుల సమముగా కోయబడిన మూడు, అయిదు, ఏడు మొదలగు బేసి అనుస్వరములే పుట్టును. ఒకవైపు ఎక్కువగా కోయబడిన సరి అనుస్వరములును వచ్చి కలియును. నాదము కటువగుటయు, నిండుగా తోచుటయు చాలవరకు ఈ పాళ్ళను బట్టియే.

ఇందు మన చెవికి పూర్తిగా క్రొత్తదేమియు లేదు. తంబుర గుఱ్ఱము మీద తీగె క్రింద నూలుపోగు నుంచి 'జీవ' పట్టుట మనవారికి ఏనాటినుండియో తెలిసిన విద్య. పోగు లేని తీగె మోగును. పోగు చేరిన తీగె పలుకును. తీగె గుఱ్ఱమును ఒరసికొనుటచే అనుస్వరములు పొంగి శ్రుతి నిండుకొనును. ఒరపిడి దోషమే, చోటు తెలిసి ఉంచిన ఒరపిడి జీవము. గిటారు పెడలుకు సూత్రము వేరైనను రుచి ఒక్కటే.

అమెరికాలో ఈ రుచి ప్రమాదవశమున తెలిసినది. 1951లో మెంఫిస్ నగరమున 'రాకెట్ 88' అను పాటను రికార్డు చేయువేళకు గిటారు వాదకుని యాంప్లిఫయరు దెబ్బతిన్నదనియు, స్పీకరులో కాగితము కుక్కి వాయించిరనియు చెప్పుదురు. ఆ జీరయే పాటకు వన్నె తెచ్చినది. 1961లో వెలువడిన మార్టీ రాబిన్స్ పాట 'డోంట్ వరీ'లో గ్రేడీ మార్టిన్ వాయించిన బాస్ గిటారు, స్టూడియో యంత్రములోని లోపముచేత బుసకొట్టినట్లు మ్రోగినది. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ లోపమును పారవేయలేదు. దానిని ట్రాన్సిస్టరులతో పునఃసృష్టించినాడు. అదియే 1962లో గిబ్సన్ కంపెనీ ద్వారా మాయిస్ట్రో ఫజ్‌టోన్ అను పెడలై వచ్చినది. 1965లో రోలింగ్ స్టోన్స్ వారి 'శాటిస్‌ఫాక్షన్' పాటలో వినబడిన పిమ్మట దానికి గిరాకీ మిక్కుటమైనది.

వీని నడుమ 1964లో లండనులో జరిగిన సంగతి మరింత గమనింపదగినది. కింక్స్ బృందమునకు చెందిన డేవ్ డేవిస్ ఒక చిన్న యాంప్లిఫయరు స్పీకరును బ్లేడుతో కోసి, దాని పగిలిన ధ్వనిని పెద్దదైన వాక్స్ ఎ.సి. 30 లోనికి పంపినాడు. చిన్న యంత్రము పగులగొట్టినది. పెద్ద యంత్రము దానికి దేహమిచ్చినది. పెడలు రహస్యమంతయు ఇందే యున్నది. పగులుట ఒకరి పని, పలుకుట మరియొకరి పని. ఆ రెండవవారు మారిన నాదమే మారును.

అట్లయిన ఆ రెండవవారిని పరిచయము చేసికొందము. అమెరికాలో లియో ఫెండర్ నిర్మించిన యాంప్లిఫయరులు స్వచ్ఛతకు పేరుపొందినవి. 1963లో వచ్చిన ట్విన్ రివర్బ్ ఎంత హెచ్చించినను తొందరగా పగులదు. దానిలో మంద్రమును తారమును వెలుగును. నడిమి భాగము లోయవలె దిగియుండును. దీనియెదుట ఫజ్ వంటి కఱకు పెడలు నుంచిన, పగులగొట్టు భారమంతయు పెడలుదే. దాని గుణదోషములు అద్దములోవలె కనబడును. 1979 ప్రాంతమున జపానునుండి వచ్చిన ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ మృదువుగా కోయు ఓవర్‌డ్రైవ్ పెడలు. అది మంద్రమును తగ్గించి నడిమి స్వరములను మిట్టవలె లేపును. ఫెండరు లోయలో ఈ మిట్ట సరిగా అమరును. స్టీవీ రే వాన్ వాదనమున ఈ జోడింపు ప్రఖ్యాతమైనది.

లండనులో సంగీతవాద్యముల దుకాణము నడిపిన జిమ్ మార్షల్ 1962లో తన సహాయకులతో ఫెండర్ బాస్‌మన్ నమూనాను అనుసరించి జె.టి.ఎమ్. 45ను కట్టించినాడు. విద్యుత్పథము ఇంచుమించు అదియే. కాని పది అంగుళముల స్పీకరులు నాలుగు గల వెనుక తెరచిన పెట్టెకు మారుగా, పన్నెండు అంగుళములవి నాలుగు గల మూసిన పెట్టె వచ్చినది, పలుకు వేరైనది. హెచ్చించినకొలది అది తానే గర్జించును. దానికి కఱకు పెడలుతో అంతగా పనిలేదు. ఓవర్‌డ్రైవ్ పెడలులో వికృతిని తగ్గించి, బలమును పెంచి నెట్టిన చాలును. పెడలు త్రోయును, వాల్వులు పగులును. ఇక వాక్స్ ఎ.సి. 30 తొందరగా, మృదువుగా విరిగి, తారస్థాయిలో గంటవలె మ్రోగును. క్వీన్ బృందపు బ్రయాన్ మే తారమును పెంచు పెట్టె నొకదానిని దానిముందుంచి తన నాదమును సాధించినాడు. 1975లో వచ్చిన రోలండ్ జె.సి. 120 ట్రాన్సిస్టరు యంత్రము, మిక్కిలి స్వచ్ఛమైనది. దానిముందు పెడలు దాచుకొనుటకు చాటేమియు ఉండదు.

ఇప్పుడు మన మైకుసెట్టు వద్దకు వత్తము. గిటారు యాంప్లిఫయరులోని పన్నెండంగుళముల స్పీకరు సుమారు 5,000 ఆవృత్తులకు పైబడిన ధ్వనిని బాగుగా వినిపింపజాలదు. ఈ చేతకానితనమే వరము. కోసిన తరంగమునుండి లేచిన కఱకు అనుస్వరములను అది జల్లెడవలె పట్టి మేలైనవానిని విడుచును. మిక్సరుకు తగిలించిన నిండు స్పీకరులైనచో 15,000 ఆవృత్తులవరకును నిజాయితీగా పలుకును. గాయకునికి కావలసినది ఆ నిజాయితీయే. పగిలిన గిటారుకు అదియే శాపము. బూర ఆకారపు లౌడుస్పీకరు సంగతి మరియొకటి. అది ప్రసంగమును దూరము చేర్చుటకై పుట్టినది కనుక మంద్రమును మ్రింగివేయును. గిటారు అడుగుతీగె 82 ఆవృత్తులవద్ద మ్రోగును; బూరలో ఆ మూలస్వరము మిగులదు, పైనున్న రొదయే మిగులును. కావున పెడలుకును మిక్సరుకును నడుమ గిటారు స్పీకరు స్వభావమును అనుకరించు పెట్టె నొకదానిని ఉంచవలెను. లేదా చిన్న గిటారు యాంప్లిఫయరును పెట్టుకొని దాని ముందర మైకు నిలుపవలెను. ఈ రెండును లేనినాడు మిక్సరులో తారమును బాగుగా తగ్గించి, పెడలులో వికృతిని సగమునకు దించిన కొంత మేలు కలుగును.

వాదకుడు చేయదగిన పని మరియొకటి కలదు. పగిలిన నాదమున రెండు స్వరములు కలిసిన, వాని భేదమువలన మూడవ స్వరము పుట్టును. షడ్జపంచమములు రెండుకు మూడు పాళ్ళలో నుండును. భేదము ఒకటి, అనగా మంద్ర షడ్జము. అందుచేత ఆ జంట గంభీరముగా నిలుచును. షడ్జ గాంధారములు శుద్ధమైన పాళ్ళలో నున్న పొసగును గాని, గిటారు మెట్లపై గాంధారము సుమారు అరస్వరములో ఏడవవంతు హెచ్చుగా నుండును. సన్నని నాదమున ఆ హెచ్చు చెవికి ఆనదు. పగిలిన నాదమున చిందరవందర యగును. పగిలిన నాదమునకు షడ్జపంచమములనే వాదకులు తరచుగా ఎంచుకొనుటకు కారణమిదియే.

యాంప్లిఫయరును అందరును పగులగొట్టుటకే వాడలేదు. పాలకొల్లులో 1969లో జన్మించిన యు. శ్రీనివాస్‌గారు అయిదు తీగెల విద్యుత్ మాండలిన్‌తో కర్ణాటక సంగీతమును వాయించినారు. సాధారణ మాండలిన్‌లో త్వరగా ఆరిపోవు స్వరమునకు యాంప్లిఫయరు దీర్ఘాయువు పోసినది. గమకమునకు ఎడము దొరకినది. ఒకరు యంత్రమునుండి దీర్ఘతను గైకొన్నారు, మరియొకరు పగులును గైకొన్నారు. ఇరువురును ముందుగా యంత్రము స్వభావమును చెవితో కనుగొన్నవారే.

మెంఫిస్‌లో కాగితము కుక్కినవారును, లండనులో బ్లేడు పట్టినవాడును గొప్ప సామగ్రి కలవారు కారు. తమ ముందున్న యంత్రము ఏమి చేయగలదో, ఏమి చేయలేదో విని తెలిసికొన్నారు. ప్రొద్దుటూరు పందిరిలోనైనను, జమ్మలమడుగు వీథిలోనైనను, పులివెందుల పెండ్లివేదిక మీదనైనను గిటారు పట్టినవాడు మరియొక పెడలు కొనుటకు ముందు, తన నాదము చివరకు ఏ స్పీకరునుండి వెలువడుచున్నదో గమనించుగాక. నూలుపోగును ఎక్కడ నుంచవలెనో తెలిసిన చేతికే తంబుర జీవ పట్టినది.