సిరి

పెళ్లి శుభలేఖలో సిరి, ఆడపిల్ల పేరులో సిరి. సంస్కృత ‘శ్రీ’ తెలుగు నోట నలిగి సిరి అయింది. లక్ష్మీదేవికీ అదే పేరు. గజేంద్రుణ్ణి కాపాడే తొందరలో విష్ణువు చెప్పకుండా వచ్చేసింది ఈ సిరికే. సిరి వస్తుంటే మోకాలొడ్డేవాణ్ణి మన సామెత వెక్కిరిస్తుంది కూడా.

అంత మంగళకరమైన మాట తెలుగు బైబిల్లో దేవుడికి ఎదురుగా నిలబడింది. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో, ఒక దాసుడికి ఇద్దరు యజమానులు కుదరరని యేసు చెప్పేచోట, రెండో యజమాని పేరు సిరి. గ్రీకు మూలంలో అక్కడున్నది ‘మామోనాస్’, అరమేయిక్ మాట. సువార్తికుడు దాన్ని గ్రీకులోకి మార్చకుండా అలాగే ఉంచాడు. అర్థం ధనం, ఆస్తి. నమ్మకం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిందని చాలామంది పండితుల ఊహ. ‘ఆమేన్’దీ ఆ ధాతువే. ఆ ఊహ నిజమైతే, డబ్బంటే మనిషి భరోసా పెట్టుకున్నది అన్నమాట!

ఇంగ్లిష్‌లో ఈ మామోనాసే మామన్ అనే దుష్టశక్తి అయిపోయాడు. కవి మిల్టన్ 1667 నాటి ‘ప్యారడైజ్ లాస్ట్’లో అతణ్ణి పతనమైన దూతల్లో చేర్చాడు. తెలుగు అనువాదం ఆ దారి పట్టకపోవడమే నాకు నచ్చుతుంది. దయ్యాన్ని కాదనడం తేలిక. సిరిని రెండో స్థానంలో కూర్చోబెట్టడమే కష్టం. లూకా పదహారో అధ్యాయంలో మాత్రం దానికి ముందు ‘అన్యాయపు’ అన్న విశేషణం తగిలింది. అయితే అక్కడ యేసు దాన్ని పారేయమనడు, దానితో స్నేహితుల్ని సంపాదించుకోమంటాడు.