బాబా చేతులు, బాబా పేరు

తెలుగులో 'బాబా' అనగానే మనకి గడ్డమూ, కాషాయమూ గుర్తొస్తాయి. ఉక్రేనియన్ భాషలో బాబా అంటే నాయనమ్మ, అమ్మమ్మ. తలకి పూల రుమాలు కట్టుకుని, పిండి అంటిన చేతులతో నవ్వుతూ నిలబడ్డ ముసలామె. కెనడాలో ఉక్రేనియన్ల గురించి ఎక్కడ మాట్లాడినా ఈమె బొమ్మ ముందుకొస్తుంది. వంటల పుస్తకాల్లో ఆమే, పండగ ఉత్సవాల్లో ఆమే, మనవల జ్ఞాపకాల్లోనూ ఆమే. కానీ ఆ వలస చరిత్ర తెరిచి చూస్తే ఈమె పేరు కనపడదు. చేతులు మాత్రమే కనపడతాయి. ఒక జాతి తన స్త్రీల చేతుల్ని గుర్తు పెట్టుకుని పేర్లని ఎలా మర్చిపోయింది? ఈ వ్యాసం ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

కెనడా ఉక్రేనియన్ల కథ ఇద్దరు మగవాళ్ల పేర్లతో మొదలవుతుంది. 1891లో గలీషియా ప్రాంతంలోని నెబీలివ్ అనే ఊరి నుంచి ఇవాన్ పిలిపివ్, వాసిల్ ఎలెనియాక్ కెనడాకి వెళ్లారు. గలీషియా అప్పుడు ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలో ఉండేది. 1848లో వెట్టి రద్దయింది కానీ భూమి మాత్రం తండ్రి నుంచి కొడుకులకి ముక్కలవుతూ, కడుపు నింపలేనంత చిన్నదైపోయింది. 1895లో యోసిఫ్ ఒలెస్కివ్ అనే వ్యవసాయ శాస్త్రజ్ఞుడు కెనడా ఖాళీ భూముల గురించి చిన్న పుస్తకం రాశాక వలస వరదైంది. 1914 లోపల సుమారు 1,70,000 మంది ఆ దారి పట్టారు.

వాళ్లని రప్పించిన ఆకర్షణ ఒక్కటే. పది డాలర్లు కడితే 160 ఎకరాలు. మూడేళ్లు అక్కడ నివాసముండి, కొంత నేల సాగులోకి తెస్తే పట్టా. అయితే ఆ చట్టం 18 ఏళ్లు నిండిన ఏ మగవాడికైనా ఇచ్చిన హక్కుని స్త్రీకి ఇవ్వలేదు. ఆమె ఇంటికి తానొక్కతే పెద్దదిక్కయి ఉండాలి. అంటే ఆచరణలో చిన్నపిల్లలున్న వితంతువై ఉండాలి. పక్కనున్న అమెరికాలో పెళ్లికాని స్త్రీ కూడా ఇలాంటి భూమికి దరఖాస్తు పెట్టుకోగలిగేది. కెనడాలో అదీ లేదు.

మరి ఆ నేలని సాగులోకి తెచ్చిందెవరు? చేతిలో డబ్బు లేని మగవాళ్లు రైలు పట్టాల పనికీ, గనులకీ, ఇతరుల కోతలకీ నెలల తరబడి వెళ్లిపోయేవాళ్లు. మంచు దేశంలో, పలకరించే మనిషి మైళ్ల దూరంలో ఉండగా, స్త్రీలు పిల్లలతో మిగిలేవాళ్లు. మొదటి చలికాలాలు గడిచింది 'బుర్దెయ్' అనే గుంట ఇళ్లలో. నేల తవ్వి, పైన దుంగలూ గడ్డిపెళ్లలూ కప్పిన బొరియలవి. తర్వాత కట్టిన దుంగల ఇళ్లకి మట్టీ, గడ్డీ, పేడా కలిపి కాళ్లతో తొక్కి గోడలు మెత్తింది స్త్రీలే. చెట్లు కొట్టడం, వేళ్లు పెకలించడం, రాళ్లు ఏరడం, పురుళ్లు పోయడం అన్నీ వాళ్లే. పట్టా వచ్చేటప్పటికి మాత్రం కాగితం మీద ఒక్క పేరే ఉండేది. భర్త తనకి తెలియకుండా ఆ భూమిని అమ్మేసినా భార్యకి అడిగే దిక్కు లేదు. భార్య సమ్మతి లేకుండా ఇంటి భూమిని అమ్మకూడదన్న చట్టాలు సస్కాచెవాన్, అల్బర్టా, మానిటోబాల్లో 1915-1918 మధ్య గానీ రాలేదు.

ఇక్కడ ఇంకో విషయం దాటవేయకూడదు. ప్రభుత్వం 'ఖాళీ' అన్న ఆ నేల ఖాళీది కాదు. క్రీ వంటి ఆదివాసీ జాతులదీ, మేతీలదీ. అల్బర్టాలో ఉక్రేనియన్ల తొలి ఊళ్లు వెలిసిన ప్రాంతం 1876లో ఆదివాసులతో చేసుకున్న ఆరో ఒప్పందం కిందిది. కాబట్టి బాబా చరిత్ర కేవలం బాధితురాలి చరిత్ర కాదు. ఒకరు పోగొట్టుకున్న చోట ఇంకొకరు ఇల్లు కట్టుకున్న చరిత్ర కూడా.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఆస్ట్రియా పౌరసత్వం కాగితాలతో వచ్చిన ఈ రైతులు ఒక్కసారిగా 'శత్రుదేశస్థులు' అయిపోయారు. వీళ్లలో అధికులు ఉక్రేనియన్లుగా సుమారు 80,000 మంది పోలీసుల దగ్గర పేర్లు నమోదు చేసుకుని, ఎప్పటికప్పుడు హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. 1914-1920 మధ్య 8,579 మందిని నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. అందులో కూడా ఉక్రేనియన్లే ఎక్కువ. ఈ శిబిరాల కథ మంచులో చెట్లు నరికే మగ ఖైదీల కథగానే చాలాకాలం సాగింది. కానీ క్యూబెక్‌లోని స్పిరిట్ లేక్, బ్రిటిష్ కొలంబియాలోని వెర్నన్ శిబిరాల్లో 81 మంది స్త్రీలు, 156 మంది పిల్లలు కూడా ఉన్నారు. మేరీ మాంకో హాస్కెట్ వాళ్లలో ఒకరు. ఆమె పుట్టిందే మాంట్రియల్లో. ఆరేళ్ల వయసులో కుటుంబంతో పాటు స్పిరిట్ లేక్‌కి తీసుకుపోయారు. చెల్లెలు నెల్లీ అక్కడే చనిపోయింది. ముసలితనంలో మేరీ ఈ సంగతి బయటపెట్టి, పరిహారం కాదు, జరిగింది గుర్తిస్తే చాలని అడిగింది. కెనడా పార్లమెంటు ఆ గుర్తింపు చట్టం చేసింది 2005లో.

ఆ యుద్ధకాలంలోనే స్త్రీల ఓటు హక్కు ఉద్యమం గెలుస్తూ వచ్చింది. 1916లో మూడు ప్రెయిరీ రాష్ట్రాల్లో స్త్రీలకి ఓటు వచ్చింది. 1917 సెప్టెంబరులో కేంద్రం ఒక చట్టం చేసింది. సైన్యంలో దగ్గరి బంధువులున్న స్త్రీలకి ఓటిచ్చింది. అదే చట్టం, శత్రుదేశాల్లో పుట్టి 1902 మార్చి తర్వాత పౌరసత్వం పొందినవాళ్ల ఓటు తీసేసింది. ఒకే కలంపోటుతో కొందరు స్త్రీలు పౌరులయ్యారు, వాళ్ల పక్క పొలంలో ఉన్న కుటుంబం మొత్తం పౌరసత్వానికి విలువ లేనిదైంది.

దీనికి ఒక నేపథ్యం ఉంది. కెనడా స్త్రీవాద చరిత్రలో పెద్ద పేరైన నెల్లీ మెక్లంగ్ 1916 చివర్లో ప్రధానమంత్రి బోర్డెన్‌కి ఒక సూచన చేసింది. యుద్ధం ముగిసేదాకా బ్రిటిష్, కెనడియన్ స్త్రీలకి మాత్రమే ఓటివ్వమని, విదేశాల్లో పుట్టినవాళ్లని పక్కన పెట్టమని. విన్నిపెగ్‌లో రైతు పత్రిక స్త్రీల పేజీ నడిపే ఫ్రాన్సిస్ మారియన్ బేనన్ దీన్ని బహిరంగంగా ఖండించింది. మెక్లంగ్ ఆ సూచన వెనక్కి తీసుకుంది. కానీ మరుసటేడు ప్రభుత్వం దాదాపు అదే దారి పట్టింది. యుద్ధాన్ని వ్యతిరేకించిన బేనన్ ఉద్యోగం వదిలి న్యూయార్క్ వెళ్లిపోయింది. 'స్త్రీలు' అన్న మాటలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్న తగవు మన ఉద్యమాల్లోనే పుట్టిందనుకుంటాం. వందేళ్ల కిందటి ప్రెయిరీలో అది ఇంత సూటిగా జరిగింది.

ఇలా రెండు వైపులా తలుపులు మూసుకున్న స్త్రీలు తమ సంఘాలు తామే పెట్టుకున్నారు. వాళ్ల వెనక ఒక వారసత్వం కూడా ఉంది. గలీషియాలో నతాలియా కొబ్రిన్స్కా 1884లోనే స్త్రీల సంఘం పెట్టింది. 1887లో ఒలెనా ప్చిల్కాతో కలిసి 'మొదటి మాల' అన్న అర్థం వచ్చే పేరుతో స్త్రీల రచనల సంకలనం తెచ్చింది. వలస వెళ్లిన రైతు స్త్రీలలో చాలామంది ఆ పుస్తకం చదవలేరు. కానీ తర్వాతి తరం చదివింది.

ఆ తరానికి ప్రతినిధి సవెల్లా స్తెచిషిన్. 1903లో గలీషియాలో పుట్టి, 1913లో కెనడా వచ్చింది. పెళ్లయ్యాక చదువు కొనసాగించి, 1930లో సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం నుంచి పట్టా తీసుకున్న మొదటి ఉక్రేనియన్ స్త్రీ అయింది. చదివింది గృహవిజ్ఞానం. ఊరూరా తిరిగి ఉక్రేనియన్ భాషలో స్త్రీలకి ఆహారం గురించీ, ఆరోగ్యం గురించీ చెప్పింది. ఏళ్ల తరబడి పత్రికలో స్త్రీల శీర్షిక రాసింది. 1926లో సస్కటూన్‌లో కెనడా ఉక్రేనియన్ స్త్రీల సంఘం స్థాపించిన వాళ్లలో ముఖ్యురాలు. ఆ సంఘం స్త్రీలు ఇళ్ల ట్రంకు పెట్టెల్లో ఉన్న కుట్టుపని చొక్కాలు, నేత గుడ్డలు సేకరించి 1936లో మ్యూజియం పెట్టారు. చరిత్రకారులు దస్తావేజుల కోసం వెతుకుతున్న కాలంలో, దారపు కుట్టు కూడా దస్తావేజేనని వీళ్లు గుర్తించారు. 1957లో సవెల్లా రాసిన ఉక్రేనియన్ వంటల పుస్తకం మళ్లీ మళ్లీ ముద్రణలు పొందింది. అందులో వంటలతో పాటు పండగలూ, ఆచారాలూ ఉన్నాయి. సోవియట్ పాలనలో ఉక్రేనియన్ గుర్తింపు మీద ఒత్తిడి ఉన్న కాలంలో, ఒక వంటల పుస్తకం చేసిన పని చిన్నది కాదు.

కానీ ఇందులోనే ఉచ్చు కూడా ఉంది. సంస్కృతిని కాపాడటం తల్లి బాధ్యత అన్నాక, పిల్లలు భాష మర్చిపోతే తప్పు తల్లిది. కొడుకు ఇంగ్లీషమ్మాయిని చేసుకుంటే పెంపకం తల్లిది. చరిత్రకారిణి ఫ్రాన్సిస్ స్విరిపా 1993లో వచ్చిన 'వెడెడ్ టు ద కాజ్' పుస్తకంలో ఈ సంగతే పరిశీలించింది. జాతి అవసరాలు స్త్రీకి ఇచ్చిన పాత్ర ఏమిటి, నిజంగా ఆమె బతికిన బతుకేమిటి అని. జాతీయవాదులు ఆమెని తల్లిగా చూశారు.

వామపక్షాల వైపు పరిస్థితి మెరుగ్గా ఉండాలి కదా అనుకుంటాం. విన్నిపెగ్ కేంద్రంగా ఎదిగిన ఉక్రేనియన్ కార్మిక, రైతు సంఘం స్త్రీలకి ప్రత్యేక శాఖ పెట్టింది. 1924 నుంచి 1937 దాకా 'రొబిత్నిత్సియా', అంటే శ్రామిక స్త్రీ, అన్న పత్రిక నడిపింది. సంపాదకత్వం మాత్రం మగవాళ్ల చేతుల్లో ఉండేది. సంఘం పనుల్లో స్త్రీలకి దక్కింది ఎక్కువగా వంట, చందాలు, కుట్టుపని. రోండా హింటర్ 2018లో ఈ వామపక్ష చరిత్ర రాసినప్పుడు పుస్తకం పేరులోనే పెరోగీలని పెట్టింది. పెరోగీ అంటే మన కజ్జికాయలా మడిచి, లోపల బంగాళాదుంప కూరి, నీళ్లలో ఉడికించే వంటకం. చర్చి నేలమాళిగలోనైనా, కార్మిక భవనం వంటగదిలోనైనా స్త్రీలు కూర్చుని వీటిని డజన్ల లెక్కన ఒత్తారు. అమ్మిన డబ్బు గోపురాలకీ, సమ్మె నిధులకీ వెళ్లింది. దేవుడున్నచోటా లేనిచోటా వంటింటి లెక్క మారలేదు.

ఆ వంటగదిని తేలిగ్గా తీసెయ్యలేం. భర్త జేబు చూడకుండా స్త్రీలు తమ చేత్తో సంపాదించి, తామే లెక్క రాసి, దేనికివ్వాలో తామే చర్చించుకున్న చోటు అది. చాలామందికి బయట దొరకని స్నేహాలు అక్కడ దొరికాయి. చాకిరీ, స్వేచ్ఛ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. రెంటినీ కలిపి చూడకపోతే ఈ స్త్రీలు మనకి అర్థం కారు.

1977లో మిర్నా కొస్టాష్ 'ఆల్ ఆఫ్ బాబాస్ చిల్డ్రన్' రాసింది. అల్బర్టాలోని టూ హిల్స్ అనే చిన్న ఊళ్లో ఉండి, తొలితరం పిల్లల్ని కలిసి, వాళ్ల మాటల్లో పేదరికం, అవమానం, ఇంట్లో మగపెత్తనం అన్నీ రాసింది. విజయగాథ మాత్రమే వినాలనుకున్నవాళ్లకి ఇది రుచించలేదు. దానికి రెండేళ్ల ముందు, 1975లో, అక్కడికి దగ్గర్లోని వెగ్రెవిల్ ఊళ్లో బ్రహ్మాండమైన లోహపు గుడ్డు వెలిసింది. ఉక్రేనియన్ స్త్రీలు ఈస్టర్ పండక్కి మైనంతో గీతలు గీసి రంగులద్దే 'పీసంకా' నమూనా అది. ఆ గుడ్డు అంకితమైంది రాయల్ కెనడియన్ పోలీసు దళం శతాబ్ది ఉత్సవాలకి. ఒకప్పుడు కార్మిక భవనాల మీద నిఘా పెట్టిన పోలీసులకి, పేరు చెప్పుకోని స్త్రీల కళ కానుకైంది.

2022 ఫిబ్రవరిలో రష్యా పూర్తిస్థాయి దాడి మొదలుపెట్టాక కెనడాకి మళ్లీ ఉక్రేనియన్లు వచ్చారు. ప్రత్యేక వీసా పథకం కింద 2024 ఏప్రిల్ నాటికి సుమారు 2,98,000 మంది చేరారు. యుద్ధ చట్టం 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లలో ఎక్కువమందిని దేశం దాటనివ్వలేదు కాబట్టి, చాలామంది స్త్రీలు పిల్లల చెయ్యి పట్టుకుని ఒంటరిగానే బయల్దేరారు. వీళ్లు 1900ల రైతు స్త్రీలు కారు. లెక్కలు చూసేవాళ్లు, టీచర్లు, ఇంజనీర్లు, డాక్టర్లు. పాత తరం స్త్రీలు మళ్లీ వంటగదుల్లో చేరి వీళ్ల కోసం నిధులు పోగుచేశారు.

కొత్తగా వచ్చినామె చేతికి కూడా ఎవరో ఒకరు పూల రుమాలు అందిస్తారు. కుట్టుపని చొక్కా వేసుకుని వేదిక మీద నిలబడమంటారు. ఆమె ఇష్టపడే నిలబడొచ్చు కూడా. కానీ ఆమె ఏం చదివింది, ఏ పని వదిలి వచ్చింది, ఇక్కడ ఎంత జీతానికి ఏ పని చేస్తోంది, పిల్లాడు ఉక్రేనియన్ మర్చిపోతుంటే ఎవరు ఎవర్ని నిందిస్తున్నారు అని అడిగి రాసుకునేవాళ్లు కావాలి. మొదటి బాబాని ఈ ప్రశ్నలు అడగడానికి ఎనభై ఏళ్లు పట్టింది. అప్పటికి చాలామంది జవాబు చెప్పడానికి లేరు. ఈ స్త్రీలు ఉన్నారు.