సభలో మౌనంగా కూర్చున్నవారి మాట



గౌరీబిదనూరు తాలూకాలో, ఉత్తర పినాకిని ఒడ్డున ఉన్న విదురాశ్వత్థాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడి రావిచెట్టును విదురుడు నాటాడని స్థలపురాణం. పాత చెట్టు 2001లో కూలిపోయింది. పేరు మాత్రం నిలిచింది.

ఆ విదురుణ్ణే తలచుకుందాం. జూదం నాడు నిండు సభలో వద్దన్నాడు, ఎవరూ వినలేదు. తరువాత నిద్రపట్టని ధృతరాష్ట్రుడు రాత్రివేళ పిలిపించి అడిగితే తెల్లవార్లూ చెప్పాడు. విదురనీతి అలా పుట్టింది. రాజు దాన్ని పాటించలేదు, అది వేరే సంగతి. కానీ అడిగేవాడుంటేనే కొన్ని మాటలు బయటికి వస్తాయి కదా!

మన మైసూరు చరిత్రలోనూ ఈ సంగతి కనిపిస్తుంది. 1881లో దివాన్ రంగాచార్లు ప్రజాప్రతినిధి సభను ఏర్పాటు చేశారు. మొదటి సమావేశానికి 144 మంది వచ్చారు. అంతమందిలో లేచి మాట్లాడటం అందరివల్లా అవుతుందా? 1911లో మన ముద్దేనహళ్ళి బిడ్డ, తెలుగింటివాడు విశ్వేశ్వరయ్య సూచనతో మైసూరు ఆర్థిక సమ్మేళనం మొదలైంది. అందులో వ్యవసాయానికి, విద్యకు, పరిశ్రమలు-వాణిజ్యానికి వేరువేరు సమితులు. నలుగురు కూర్చుని, విచారించి, కాగితం మీద పెట్టే పద్ధతి. గొంతు పెద్దది కానివారికి కూడా అక్కడ చోటుంటుంది. ఆయన అధ్యక్షతన పనిచేసిన బ్యాంకింగు సమితి ఆలోచనతోనే 1913లో మైసూరు బ్యాంకు పుట్టింది.

నోరు నొక్కితే ఏమవుతుందో కూడా విదురాశ్వత్థమే చూపింది. 1938 ఏప్రిల్ 25న, నిషేధాజ్ఞలున్నా జెండా పట్టుకుని చేరిన జనంమీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారు పదిమందని సర్కారు లెక్క. ఇంకా ఎక్కువని ఊరివారి మాట. ఆ తరువాతే సర్దార్ పటేల్, దివాన్ మీర్జా ఇస్మాయిల్‌ల మధ్య ఒప్పందం కుదిరింది. మైసూరు జెండాతో పాటు కాంగ్రెసు జెండా ఎగరవేయడానికి అనుమతి వచ్చింది. ముందే విని ఉంటే అన్ని ప్రాణాలు పోయేవి కావు.

ఇక మన ఆఫీసులు, బడులు చూద్దాం. నేను పనిచేసిన ఒక బడిలో మీటింగులన్నీ కన్నడంలోనే. తెలుగుపల్లె నుంచి వచ్చిన లెక్కల మాస్టారు ఎప్పుడూ నోరు విప్పేవారు కాదు. ఆయనకు ఏమీ పట్టదని మేమందరం అనుకున్నాం. ఒకసారి హెడ్మాస్టరుగారు తలా ఒక చీటీ ఇచ్చి, "ఆడపిల్లలు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు? ఏ భాషలోనైనా రాయండి" అన్నారు. మాస్టారు తెలుగులో రాసింది ఒక్క వాక్యం: "చివరి బస్సు బడి గంటకంటే ముందే వెళ్ళిపోతుంది." అది నిజమే. గంట వేళ మార్చాం. కొందరు పిల్లలు తిరిగి వచ్చారు.

ఆ చీటీని నేను చాలాకాలం దాచుకున్నాను. ఆయన అంతకు ముందు ఎన్ని మాటలు మింగుకున్నారో!

మీరు నలుగురి మీద పెద్దగా ఉంటే, విషయం ఒక రోజు ముందే చెప్పండి. రాసి ఇవ్వనివ్వండి. మీటింగు అయ్యాక వరండాలో పక్కకు పిలిచి అడగండి. మౌనంగా ఉండేది మీరే అయితే, అనుకున్నది ఒక్క వాక్యంగా రాసుకుని వెళ్ళండి. తెలుగైనా, కన్నడమైనా సరే.