పైపు పొగలో పుస్తక పఠనం - ఒక రిటైర్డు మేజరు కథ

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా వ్యాసం ఇవ్వవలసిందని కార్యదర్శిగారు కోరారు. డీఏ బకాయిల గురించీ, మెడికల్ రీయింబర్సుమెంటు గురించీ రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నేను వేరొక సంగతి ఎత్తుకుంటాను. పదవీ విరమణ చేసిన మనిషికి నెలనెలా పింఛను ఎంత అవసరమో, తాను చదివింది చెప్పుకోవడానికీ, రాసింది వినిపించుకోవడానికీ నలుగురు మనుషులు కూడా అంతే అవసరం. దీనికి మంచి నిదర్శనం ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు పట్టణంలో దొరుకుతుంది.

1930లలోనూ, 1940లలోనూ అక్కడ కొందరు మిత్రులు వారానికి రెండుసార్లు కలుసుకునేవారు. గురువారం రాత్రి భోజనాలయ్యాక మోడలిన్ కళాశాలలో సి.ఎస్. లూయిస్ గారి గది వారి స్థలం. మంగళవారం పగటిపూట 'ఈగిల్ అండ్ చైల్డ్' అనే పానశాలలో చేరేవారు. ఈ బృందానికి 'ఇంక్లింగ్స్' అని పేరు. 1930ల మొదట్లో ఒక విద్యార్థి పెట్టిన చిన్న సంఘానికి ఆ పేరుండేది. అతను చదువు ముగించుకుని వెళ్లాక ఆ సంఘం పోయింది, పేరు మాత్రం వీరికి మిగిలింది. లీలగా తోచిన ఊహ అని ఆ మాటకు అర్థం. సిరాను ఇంగ్లీషులో 'ఇంక్' అంటారు గనుక రాసేవారికి ఆ పేరు చక్కగా అతికింది.

లూయిస్ ఇంగ్లీషు సాహిత్యం బోధించే అధ్యాపకులు. ఆయన మిత్రుడు టోల్కీన్ ప్రాచీన ఆంగ్ల భాషకు ప్రొఫెసరు. హవార్డ్ అనే ఆయన ఊళ్లో వైద్యులు. చార్లెస్ విలియమ్స్ అయితే అచ్చంగా మనవంటి ఆఫీసు మనిషి. 1908లో ఆక్స్‌ఫర్డు యూనివర్సిటీ ప్రెస్సు వారి లండన్ ఆఫీసులో చేరారు. 1939లో యుద్ధం వచ్చి ఆ ఆఫీసును ఆక్స్‌ఫర్డుకు తరలించినప్పుడు ఆయనా వచ్చి ఈ బృందంలో కలిశారు. పగలు ఉద్యోగం, రాత్రి రచన. 1945 మే నెలలో, ఐరోపాలో యుద్ధం ముగిసిన వారం రోజులకే, సర్వీసులో ఉండగానే కన్నుమూశారు. విరమణ సుఖం ఆయనకు దక్కలేదు.

వీరిలో చాలామంది పైపు తాగేవారు. పైపు అంటే సిగరెట్టులాగా అయిదు నిమిషాల్లో పారవేసేది కాదు. పొగాకు కూరాలి, వెలిగించాలి, ఆరిపోతే మళ్లీ వెలిగించాలి. ఒక అధ్యాయం వినేంతసేపు అది చేతిలో ఉంటుంది. మన ఊళ్లలో పెద్దలు అరుగు మీద చుట్ట ముట్టించుకుని ఒకరు పేపరు చదువుతుంటే పదిమంది వినేవారు కదా, ఆ పద్ధతే అనుకోండి. టోల్కీన్ తన కథల్లోని పొట్టి మనుషులకు కూడా ఈ అలవాటు అంటగట్టి, 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' పీఠికలో పైపు పొగాకు చరిత్రకు ప్రత్యేకంగా ఒక భాగమే కేటాయించారు.

అయితే నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఈ ప్రసిద్ధులు కాదు. ఆ గదిలోనే ఒక పక్కన కూర్చునే వారెన్ లూయిస్. ఆయన సి.ఎస్. లూయిస్‌కు అన్నగారు, 1895లో బెల్‌ఫాస్టులో పుట్టారు. 1914లో సైన్యంలో చేరారు. ఆయనది తుపాకీ పట్టే విభాగం కాదు, సరఫరాలూ రవాణా చూసే ఆర్మీ సర్వీస్ కోర్. అంటే లెక్కలు, రిజిస్టర్లు, ఇండెంట్లు. ఫ్రాన్సు, సియెర్రా లియోన్, షాంఘై తిరిగి 1932 చివర పింఛను మీద ఇంటికి వచ్చారు. 1939లో మళ్లీ పిలిపించి, మేజరు హోదాతో 1940లో పంపేశారు. పెళ్లి చేసుకోలేదు, తమ్ముడి ఇంట్లోనే ఉండేవారు.

ఇంటికి వచ్చిన మనిషి ఏం చేశారు? మొదట ఇంట్లో మూటలు కట్టి ఉన్న పాత ఉత్తరాలూ, డైరీలూ, కాగితాలూ ముందేసుకున్నారు. వాటిని తేదీల వారీగా సర్ది, ఒక్కొక్కటీ టైపు చేసి పదకొండు సంపుటాలుగా తయారుచేశారు. రికార్డు రూములో ఏళ్ల తరబడి పనిచేసిన నాకు ఆ శ్రమ ఎంతటిదో తెలుసు. తర్వాత తమ్ముడికి వచ్చే వేలాది ఉత్తరాలకు జవాబులు టైపు చేసే గుమస్తా పని కూడా ఆయనే చేశారు. గురువారం రాత్రుళ్లు వచ్చినవారికి టీ కాచి ఇచ్చేదీ ఆయనే.

ఆ సమావేశాల తీరు గురించి మనకు ఎక్కువగా తెలిసింది వారెన్ డైరీ వల్లా, తమ్ముడి ఉత్తరాల సంపుటికి ఆయన రాసిన ముందుమాట వల్లా. నియమావళి లేదు, అధ్యక్షుడు లేడు, అజెండా లేదు, చందా లేదు, ఎన్నికలు అసలే లేవు. ఓ అరడజనుమంది చేరాక టీ వచ్చేది, పైపులు వెలిగేవి. అప్పుడు లూయిస్, చదవడానికి ఎవరైనా ఏమైనా తెచ్చారా అని అడిగేవారు. ఎవరో ఒకరు కాగితాలు బయటికి తీసేవారు. చదవడం అయ్యాక మొహమాటం ఉండేది కాదు. బాగుంటే మెచ్చుకునేవారు, బాగులేకపోతే ముఖం మీదే చెప్పేవారు. టోల్కీన్ అంతటివాడి కథ కూడా హ్యూగో డైసన్ అనే మిత్రుడికి గిట్టలేదు. ఆయన అభ్యంతరం వల్ల 1940ల చివర్లో ఆయన ఉన్నప్పుడు టోల్కీన్ తన కథ చదవడం మానుకోవలసి వచ్చింది.

ఈ వాతావరణంలో వారెన్ మేజరుకు తన పని దొరికింది. ఆయనకు ఫ్రాన్సు చరిత్ర మీద, ముఖ్యంగా పద్నాలుగవ లూయీ రాజు కాలం మీద మక్కువ. ఆ విషయం మీద పుస్తకం రాస్తూ అధ్యాయాలు తెచ్చి గదిలో చదివేవారు. 1944లో టోల్కీన్ సైన్యంలో ఉన్న తన కొడుక్కి రాసిన ఉత్తరంలో ఈ ప్రస్తావన ఉంది. ఆ విషయం తనకు ఆసక్తి కలిగించేది కాదనీ, అయినా రచన చమత్కారంగానూ పాండిత్యంతోనూ ఉందనీ ఆయన భావం. తనకు పట్టని విషయమైనా మిత్రుడు చదువుతున్నాడు గనుక ఆసాంతం విన్నారు. మెచ్చవలసిన చోట మెచ్చారు. ఇంతకంటే గొప్ప సాయం ఒక రచయితకు మరొకరు ఏం చేస్తారు?

ఆ పుస్తకం 'ది స్ప్లెండిడ్ సెంచురీ' పేరుతో 1953లో అచ్చయింది. అప్పటికి మేజరుగారికి యాభై ఏడు దాటాయి. మనలో చాలామంది పెన్షన్ పేపర్లు సర్దుకున్న వయస్సు అది. అక్కడి నుంచి 1964 వరకూ ఫ్రాన్సు చరిత్ర మీద మొత్తం ఏడు పుస్తకాలు ప్రకటించారు. ఆయన విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కాడు, సైన్యంలో సరఫరాలు చూసిన ఉద్యోగి. తాగుడు బలహీనత ఆయనను జీవితమంతా బాధించింది. అటువంటి మనిషిని ఏడు పుస్తకాల రచయితగా నిలబెట్టిన వాటిలో ఆయన పట్టుదలతోపాటు ఆ గదిలో విన్న చెవులకు కూడా వాటా ఉందని నా అభిప్రాయం.

మిగిలినవారి సంగతీ అంతే. టోల్కీన్ 1937 చివర మొదలుపెట్టిన పెద్ద కథ అచ్చులోకి రావడానికి 1954 దాకా పట్టింది. మధ్యలో ఆగిపోయినప్పుడల్లా తర్వాత ఏమైందని వెంటపడి అడిగినవాడు లూయిస్. మొదటి ముద్రణ ముందుమాటలో తన పిల్లలతోపాటు ఇంక్లింగ్స్ మిత్రులకు కూడా ఆ గ్రంథాన్ని అంకితమిచ్చారు. లూయిస్ కూడా 1940లో వచ్చిన తన 'ది ప్రాబ్లమ్ ఆఫ్ పెయిన్' పుస్తకాన్ని ఈ బృందానికే అంకితం చేశారు.

ఇక ఆ గురువారాలు ఎలా ముగిశాయో కూడా చెప్పాలి. ఎవరూ తీర్మానం చేయలేదు, తగవులాడుకుని విడిపోలేదు. రావడం తగ్గింది, అంతే. 1949 అక్టోబరులో ఒక గురువారం రాత్రి ఎవరూ రాలేదు. ఆ సంగతి మేజరుగారు డైరీలో రాసుకున్నారు. ఆ తర్వాత రాత్రి సమావేశాల జాడ లేదు. పానశాలలో పగటిపూట కలయిక మాత్రం 1963లో లూయిస్ మరణించేవరకూ సాగింది. మేజరుగారు 1973 ఏప్రిల్లోనూ, టోల్కీన్ అదే ఏడాది సెప్టెంబరులోనూ వెళ్లిపోయారు.

ఇది చదివి ఎవరూ పైపు కొనుక్కోవద్దని మనవి. పొగ తాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సరుకూ ఉన్న సంబంధాన్ని 1950లోనే డాల్, హిల్ అనే బ్రిటిష్ పరిశోధకులు బయటపెట్టారు. పొగను అక్కడే వదిలేసి పఠనాన్ని మాత్రం తెచ్చుకుందాం.

మన సంఘం గదికి కొందరు సభ్యులు ఏడాదికొకసారి, లైఫ్ సర్టిఫికెట్టు పనిమీద మాత్రమే వస్తున్నారు. మరుసటి ఏడు వారిలో కొందరు రారు. బతికి ఉన్నామని ట్రెజరీకి రాసి ఇస్తున్నాం గానీ, ఒకరికొకరం చెప్పుకోవడం లేదు. అందుచేత నా సూచన ఇది. నెలకొక సాయంత్రం, అజెండా, మినిట్స్ లేకుండా కూర్చుందాం. ఎవరు ఏ పుస్తకం చదువుతున్నారో చెప్పాలి, రెండు పేజీలు చదివి వినిపించాలి. భాగవతమైనా సరే, డిటెక్టివ్ నవలైనా సరే. సొంతంగా రాసిన సర్వీసు జ్ఞాపకాలుంటే మరీ మంచిది. చూపు ఆననివారి కోసం మనవలు వచ్చి చదవవచ్చు. సోదరీమణులు కూడా తప్పక రావాలి. ఆక్స్‌ఫర్డు వారు స్త్రీలను చేర్చుకోలేదు, ఆ లోపం మనకు అక్కరలేదు. ఏ నెలలోనైనా ఒక్కరే వచ్చినా, ఆ వచ్చినవారు మిగతావారి ఇళ్లకు ఫోను చేసి ఎందుకు రాలేదో కనుక్కోవాలి. టీ ఏర్పాటు నేను చూసుకుంటాను.